మూత లేని బ్రైన్ ట్యాంకు, నూట ఇరవై పేజీల రిపోర్టు

మొన్న కరెంటు బిల్లు కట్టి వచ్చేసరికి మా ఆపరేటర్ బాబాయ్ గుమ్మంలోనే ఆపాడు. "బాబూ, ఆ లావుపాటి పుస్తకం ఏం చేశారు?" అన్నాడు. రెండేళ్ల కిందట మా ఐసు ఫ్యాక్టరీకి ఎనర్జీ ఆడిట్, అంటే కరెంటు ఎక్కడ వృథా అవుతోందో లెక్క తీయడం, చేసినవాళ్లు ఇచ్చిపోయిన రిపోర్టు సంగతి. ఆఫీసు గదిలో టేబుల్ ఫ్యాన్ కింద ఎత్తు కోసం పెట్టానని చెప్పడానికి సిగ్గేసింది. ఆ ఫ్యాను మార్చమని కూడా ఆ రిపోర్టులోనే ఎక్కడో ఉంది.

మాది భీమవరం పక్క ఊరు. చెరువుల్లో పట్టుబడి ఉందంటే రాత్రి రెండింటికి లారీ వచ్చి నిలబడుతుంది. తెల్లారేలోపు చేపలకి ఐసు వేసి కలకత్తాకో అస్సాంకో పంపాలి. ఆడిట్ వాళ్లేమో పట్టుబడి లేని రెండు రోజులు చూసుకుని వచ్చి, సగం లోడు మీద రీడింగులు రాసుకుపోయారు. నెల తిరిగాక ఇంగ్లిష్‌లో రిపోర్టు వచ్చింది. కొత్త కంప్రెసర్, మోటారు వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే వీఎఫ్‌డీ, ఆటోమేషన్... అన్నీ లక్షల్లోనే. ఫోన్ చేస్తే "మా పని అయిపోయింది సార్" అన్నారు. అక్కడితో సరి.

తప్పు నాది కూడా ఉంది. ఆ రిపోర్టు నేను మొదటి పది పేజీలు దాటి చదవలేదు.

బాబాయ్ పదో తరగతి తప్పాడు గానీ అమ్మోనియా కంప్రెసర్ చప్పుడు విని దాని రోగం చెప్పగలడు. గత వేసవిలో నన్ను బ్రైన్ ట్యాంకు దగ్గరికి, అంటే నీళ్లు నింపిన ఐసు డబ్బాల్ని ముంచి ఉంచే ఉప్పునీళ్ల తొట్టె దగ్గరికి, తీసుకెళ్లి చూపించాడు. ఐసు డబ్బాల మీద ఉండాల్సిన చెక్క మూతల్లో మూడో వంతు విరిగో, ఉబ్బి సరిగ్గా కూర్చోకుండానో ఉన్నాయి. వాటి సందుల్లోంచి వచ్చే చలి కాళ్లకి తగులుతోంది. సున్నాకి పది డిగ్రీలు కింద ఉన్న ఉప్పునీళ్లు, పైన రేకుల షెడ్డు, బయట మే నెల ఎండ! కరెంటు పోసి చేసిన చల్లదనంతో షెడ్డుకి ఏసీ పెడుతున్నామన్నమాట. మన ఊరి వడ్రంగి నాలుగు రోజుల్లో చేసే పనికి కన్సల్టెంటు ఎందుకండీ?

ఇంకో లెక్క చెప్తాను. ముప్పై డిగ్రీల నీళ్లు టన్ను తీసుకుని ఐసు చేస్తే, మనం లాగాల్సిన వేడిలో పావు వంతు ఆ నీళ్లని సున్నాకి దించడానికే పోతుంది, మిగతాది గడ్డ కట్టించడానికి. మేమేమో దిమ్మ ఊడి రావడానికి డబ్బాని ముంచే తొట్టెలో చల్లబడిన నీళ్లని కాలువలోకి వదిలి, పక్కనే కుళాయి తిప్పి ఖాళీ డబ్బాల్లోకి ఆ ముప్పై డిగ్రీల నీళ్లు నింపేవాళ్లం. ఇప్పుడు డబ్బాలు నింపే పైపుని ఆ తొట్టెలో చుట్టలా తిప్పాం. నీళ్లు మూడు డిగ్రీలు చల్లబడినా రెండున్నర శాతం మిగిలినట్టే. లాగిన వేడిని బయటికి వదిలే కండెన్సర్ పైపుల మీద పేరుకున్న సున్నపు పొర కూడా గీకించాం. అక్కడ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే కంప్రెసర్ రెండు మూడు శాతం ఎక్కువ కరెంటు తింటుంది. మాకది ఎవరూ చెప్పకపోలేదు, ఆ రిపోర్టులో ఉందట. ఎన్నో పేజీలోనో.

ఒక మెలిక మాత్రం అందులో లేదట. మాది హెచ్‌టీ, అంటే హైటెన్షన్ కనెక్షన్. యూనిట్లు ఎంత తగ్గించినా, కాంట్రాక్ట్ డిమాండ్‌లో, అంటే మేం వాడతామని కరెంటోళ్లతో రాసుకున్న గరిష్ఠ లోడులో, కనీసం 80 శాతానికి డిమాండ్ ఛార్జీ కట్టాల్సిందే. పొదుపు చేశాక డిమాండ్ తగ్గించమని అర్జీ పెట్టుకోకపోతే ఆదాలో కొంత మన జేబుదాకా రాదు. అది నాకు పక్క రైస్ మిల్లు గుమస్తా చెప్పాడు, టీ తాగుతూ.

ప్రభుత్వం ఏమీ చేయట్లేదని అనను. ఇంధన పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ చాలా ఏళ్ల కిందటే భీమవరం ఐసు ఫ్యాక్టరీలనీ వరంగల్ రైస్ మిల్లులనీ క్లస్టర్లుగా తీసుకుని మాన్యువల్స్ వేసింది. మంచి పనే, కాకపోతే ఇంగ్లిష్‌లో. 2025లో అడీటీ అని 1,000 కోట్ల స్కీము వచ్చింది. పొదుపు మెషీన్లకి తీసుకునే అప్పు మీద సూక్ష్మ, చిన్న సంస్థలకి 5 శాతం, మధ్య తరహా వాటికి 3 శాతం వడ్డీ రాయితీ. అందులో చేపల రంగం కూడా ఉంది. సంతోషం. కానీ వడ్డీ తగ్గేది అప్పు పుట్టినవాడికి కదా! తాత పేరు మీద స్థలం, ముగ్గురు అన్నదమ్ముల వాటా, సీజన్ బట్టి వచ్చే ఆదాయం... ఈ కాగితాలు చూసి బ్యాంకు మేనేజర్ ముందు మజ్జిగ ఇప్పిస్తాడు, తర్వాత "చూద్దామండీ" అంటాడు.

నాకు కావాల్సింది చిన్నది. నెలకోసారి వచ్చి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టి, బ్రైన్‌లో థర్మామీటరు ముంచి, తెలుగులో ఒక్క కాగితం రాసిచ్చే మనిషి. మళ్లీ నెల వచ్చి "పోయినసారి చెప్పిన మూతలు ఎందుకు మార్చలేదండీ?" అని నిలదీసే మనిషి. సబ్సిడీలో కొంత ఆ మనిషి జీతానికి పెట్టమనండి. మా బాబాయ్ లాంటి ఆపరేటర్లకి రెండు రోజుల శిక్షణ, రోజుకూలీ ఇచ్చి మరీ పెట్టమనండి. వాల్వు తిప్పేది వాళ్లు, పవర్‌పాయింట్ చూపించేది మాకా?

ఈలోగా పన్నెండు ఫ్యాక్టరీలు కలిసి ఒక డిప్లొమా కుర్రాణ్ని పెట్టుకుంటే ఎలా ఉంటుందని అడుగుతున్నాను. ఇద్దరు సరేనన్నారు. మూడో ఆయన "మీ బిల్లు ఎంత వస్తుందో ముందు మీరు చెప్పండి" అన్నాడు. రేపు కాగితం తీసుకుని వెళ్లి చూపిస్తాను.