క్రూగర్ ఏనుగులు, పెద్ద చెట్లు: తేల్చాల్సింది నీటి సంగతి

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ పార్కులో 1967 నుంచి 1994 దాకా ఏనుగుల సంఖ్యను తుపాకీతోనే అదుపులో ఉంచారు. దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్ల ఆ నేల సుమారు 7 వేల ఏనుగులకు మించి మోయలేదన్న అంచనాతో, మందలను హెలికాప్టర్లతో తరిమి, ఆ కాలంలో 14 వేలకు పైగా ఏనుగులను చంపారు. స్వదేశంలోనూ బయటా వ్యతిరేకత పెరగడంతో అది ఆగింది. 2008 నాటి జాతీయ నిబంధనలు చిట్టచివరి మార్గంగా దానికి మళ్లీ వీలు కల్పించినా క్రూగర్ ఆ జోలికి పోలేదు. ఇప్పుడక్కడి ఏనుగులు ఆ పాత పరిమితికి రెండింతలు దాటాయి, సందర్శకుల ఫిర్యాదేమో పెద్ద చెట్లు కూలిపోతున్నాయని.

ఆ ఫిర్యాదును తేలిగ్గా కొట్టిపారేయలేం. మన మామిడి కుటుంబానికే చెందిన మారులా చెట్టు బెరడును ఏనుగు దంతంతో చీల్చి, తొండంతో పట్టి లాగితే పొడవాటి పట్టీలుగా ఊడివస్తుంది. గాయపడిన మానుకు పురుగు పడుతుంది, కార్చిచ్చు వచ్చినప్పుడు మంట ఆ గాయంలోకే దూరుతుంది, చివరికి గాలి తోసినా చెట్టు పడిపోతుంది. తెల్లవీపు రాబందులు గూడు కట్టేది ఇలాంటి ఎత్తయిన చెట్ల మీదే.

అయితే జనం పోతున్నాయని బాధపడుతున్న ఆ అడవి ఎప్పటిదో కూడా చూడాలి. 19వ శతాబ్దంలో దంతాల వేట ఆ ప్రాంతపు ఏనుగులను దాదాపు తుడిచిపెట్టింది. 1890లలో వచ్చిన రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి ఆకులు మేసే జంతువులను సైతం పెద్ద ఎత్తున చంపింది. మేసే నోళ్లు లేని ఆ కొన్ని దశాబ్దాల్లో మొలకలు బతికి మానులయ్యాయని, నేటి పెద్ద చెట్లలో చాలావాటి పుట్టుక అక్కడే ఉందని పరిశోధకులు చాలాకాలంగా వాదిస్తున్నారు. అంటే మనం ఆదిమమని అనుకుంటున్న ఆ దృశ్యంలో దంతాల వ్యాపారం చేయీ ఉంది. పైగా పెద్ద చెట్టును కూల్చేది ఏనుగే అయినా, దాని స్థానంలో లేవాల్సిన మొక్కను ఇంపాలా జింక మేసేస్తోంది, నిప్పు కాల్చేస్తోంది. ఇంపాలాను తగ్గించమని మాత్రం ఎవరూ అడిగినట్టు కనిపించదు!

చంపితే సరిపోతుందనేవారి లెక్క కూడా అంత సూటిగా లేదు. క్రూగర్ ఏరివేతలో తల్లులను పోగొట్టుకున్న గున్నలను పిలానెస్‌బర్గ్ పార్కుకు తరలించగా, పెద్ద మగ ఏనుగుల అదుపు లేకుండా ఎదిగిన వాటిలో కొన్ని 1990లలో 40కి పైగా తెల్ల ఖడ్గమృగాలను చంపాయి. 1998లో క్రూగర్ నుంచి ఆరు పెద్ద మగ ఏనుగులను తెచ్చి వదిలాకే ఆ దాడులు ఆగాయి.

నా దృష్టిలో అసలు విషయం సంఖ్య కన్నా నీరు. 1930ల నుంచి పార్కులో జంతువుల నీటి కోసం 300కు పైగా బోర్లు వేశారు. పిల్లలున్న మందలు నీటికి ఎక్కువ దూరం పోలేవు గనుక, ఒకప్పుడు ఎండాకాలంలో ఏనుగు చేరని మెట్టప్రాంతాల చెట్లకు కొంత విరామం దొరికేది. బోర్లు వచ్చాక ఆ విరామం పోయింది. 1990ల నుంచి సగానికి పైగా బోర్లను మూసేశారు, కానీ నదులు ఉన్నందున ఫలితం నెమ్మదిగానే ఉంటుంది. మూసివేతను సమర్థించేవారు దాచకూడని విషయం మరొకటుంది. బోరు మూయడమంటే కరువు సంవత్సరంలో కొన్ని గున్నలు చనిపోవడానికి ఒప్పుకోవడమే. తుపాకీని వద్దన్న ప్రజలు దీన్ని అంగీకరిస్తారా అన్నది ముందే అడగాలి.

మారులా కొమ్మలకు తేనెపెట్టెలు వేలాడదీస్తే ఏనుగులు దూరంగా ఉంటాయని ప్రయోగాల్లో తేలింది. మానుకు ఇనుప వల చుడితే బెరడు దక్కుతుంది, కానీ చెట్టును తోసేయకుండా ఆపలేదు. ఏరి కోరిన చెట్లకు ఇవి చాలు, అడవంతటికీ చాలవు.

క్రూగర్‌కూ దాని పడమటి అంచున ఉన్న ప్రైవేటు వన్యప్రాణి రిజర్వులకూ మధ్య కంచెలను 1993లో తీసేశారు. ఆ రిజర్వుల్లో లాడ్జీల ముందు తవ్విన నీటిగుంటలు నేటికీ ఎన్నో ఉన్నాయి, ఎందుకంటే వరండాలో కూర్చున్న అతిథికి ఏనుగు కనబడాలి. మర్నాడు జీపులో వెళ్తూ విరిగిన చెట్లను చూసి నొచ్చుకునేదీ ఆ అతిథే. పార్కు తన బోర్లను మూసుకుంటూ పోతున్నప్పుడు, కంచె లేని పక్క భూమిలో ఆ గుంటల్లో ఎన్ని ఉండాలో రిజర్వుల యజమానులతో కలిసి తేల్చి, ఆ నిర్ణయాన్ని అతిథులకు దాచకుండా చెప్పాలి.