సబ్బుబిళ్లా, దీర్ఘాయుష్మాన్ భవ!

ప్రతి అపార్టుమెంటులోనూ సబ్బు తయారుచేసేవారు కనీసం ఒకరైనా వెలసిన ఈ కాలంలో, వారి చేతి సబ్బును కానుకగా పుచ్చుకోని ఇరుగుపొరుగు అరుదు. గోధుమరంగు కాగితం చుట్టి, జనపనార తాడు కట్టి ఇచ్చిన ఆ బిళ్ల నాలుగో రోజుకు సబ్బుపెట్టె అడుగున జావగా మారుతుంది. ఇచ్చినవారు లిఫ్టులో ఎదురుపడి 'ఎలా ఉందండీ?' అని అడిగితే, 'చాలా మెత్తగా ఉందండీ' అనడం సంస్కారం. దాన్ని మెచ్చుకోలుగా స్వీకరించి వారు మరో రెండు బిళ్లలు పంపుతారు. ఈ విపత్తు ఇంకా ముదరకముందే కొన్ని సూచనలను సవినయంగా సభ ముందుంచుతున్నాను.

సబ్బులో గట్టిదనం వేరు, మన్నిక వేరు. అచ్చంగా కొబ్బరినూనెతో చేసిన సబ్బు మర్నాటికే కత్తి దిగనంత గట్టిపడుతుంది; తయారుచేసినవారు దాన్ని బల్లమీద టకటకా కొట్టి చూపించి మురిసిపోతారు. అయితే కొబ్బరినూనెలో అధికభాగం లారిక్, మిరిస్టిక్ అనే కొవ్వు ఆమ్లాలే; వాటితో ఏర్పడే సబ్బు నీళ్లలో ఇట్టే కరిగే స్వభావం గలది కావడంచేత నురగ ధారాళంగా వస్తుంది, బిళ్ల అంతకంటే ధారాళంగా పోతుంది. నాలుగు కాలాలపాటు నిలబెట్టేవి పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలు. అవి కావాలంటే కోకం వెన్న, కోకో వెన్న, మన ఏజెన్సీ ప్రాంతాల ఇప్పనూనె, లేదా పామాయిల్ కలపాలి. ఇక్కడే పరువు సమస్య ఎదురవుతుంది. దేశంలో ఆయిల్‌పామ్ గెలలు అత్యధికంగా పండేది రెండు తెలుగు రాష్ట్రాల్లోనే అయినా, రేషన్ దుకాణం జ్ఞాపకాలున్న ఆ నూనె పేరును 'చేతితయారీ' లేబులు మీద రాయడానికి ఎవరికీ మనసొప్పదు. అందువల్ల ఆలివ్ నూనె తెప్పిస్తారు. ఆలివ్ సబ్బు గట్టిపడటానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుందన్న సంగతి మాత్రం సీసా మీద రాసి ఉండదు.

కొందరు చురుకైనవారు దగ్గరిదారి కనిపెట్టారు: నూనెను సబ్బుగా మార్చే కాస్టిక్ సోడాను కాస్త ఎక్కువ వేయడం. ఒక్కో నూనె ఒక్కో లెక్క అడుగుతుంది. 100 గ్రాముల కొబ్బరినూనె సుమారు 18 గ్రాముల సోడాను స్వీకరిస్తే, ఆముదం 13 గ్రాములు కూడా తీసుకోదు. లెక్క మించితే సబ్బు నిజంగానే గట్టిపడుతుంది, పెళుసుబారి పెచ్చులుగా ఊడుతుంది కూడా. సబ్బు మిగులుతుంది, చర్మం మిగలదు. (ఈ సోడా వేసి చేసిన సబ్బు మీదే 'కెమికల్స్ లేనిది' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాయడం మన జాతి ఆత్మవిశ్వాసానికి నిదర్శనం. సోడా లేకుండా నూనె ఎన్నాళ్లు కలిపినా నూనెగానే ఉంటుంది.)

నిజమైన ఉపాయాలు మరీ చప్పగా ఉండటంచేత వాటికి ఆదరణ లేదు. అరకిలో నూనెలకు ఒక చెంచా ఉప్పును సోడా కలపబోయే నీళ్లలో ముందే కరిగిస్తే బిళ్ల త్వరగా అచ్చు వదులుతుంది. లాక్టిక్ ఆమ్లపు లవణమైన సోడియం లాక్టేట్ కూడా ఈ పనే చేస్తుంది. నీళ్లు తగ్గించి, సోడాకు రెట్టింపు బరువు నీళ్లతో సరిపెట్టుకుంటే ఆరవలసిన తడి తగ్గుతుంది. ఆముదం నురగకు మంచిదే గాని, నూనెల్లో పదోవంతు దాటితే బిళ్ల జిగటగా తయారై, వాడేవారి ముఖం ఆముదం తాగినట్టవుతుంది. చర్మం మీద దయతో సబ్బుగా మారని నూనెను ఐదు శాతం మిగల్చడం మర్యాద. ఆ దయ పదిహేనుకు చేరితే మెత్తదనం తప్పదు. ఇక తేనె, శనగపిండి, బొప్పాయి, మేకపాలు, గులాబీ రేకులు అన్నీ ఒకే బిళ్లలో కూరేవారికి నా మనవి ఒక్కటే: సున్నిపిండి ఇంకా బతికే ఉంది.

అన్నిటికంటే కష్టమైన దినుసు కాలం. ఆవకాయ జాడీ మూత మూడో రోజుదాకా ముట్టనివ్వని అత్తగారు సైతం, సబ్బు విషయంలో వారం తిరక్కుండానే పంపకాలు మొదలుపెడతారు. సోడా తన పని ఒకటి రెండు రోజుల్లో దాదాపు ముగిస్తుంది గాని, తడి ఆవిరై లోపలి స్ఫటికాలు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. గాలి ఆడే అల్మరాలో, ఎండ తగలకుండా, బిళ్లకూ బిళ్లకూ ఎడం ఉంచి, అప్పుడప్పుడు తిరగేస్తూ ఆరబెట్టాలి. వారానికోసారి తూకం వేస్తే, బరువు తగ్గడం ఆగిన రోజే ముహూర్తం. వానాకాలపు కాకినాడలోనో విశాఖలోనో ఉన్నవారు మరికొన్ని వారాలు అదనంగా ఓపిక పట్టాలి, ఫ్యాను బిల్లు కూడా కట్టాలి.

ఇంత తపస్సు చేసిన సబ్బును చివరకు చంపేది రసాయనశాస్త్రం కాదు, చిల్లుల్లేని సబ్బుపెట్టె. బకెట్టు పక్కన, చెంబు నీళ్లు చిందే చోట, అడుగున అంగుళం నీళ్లలో దాన్ని పడుకోబెట్టి వచ్చిన పెద్దమనిషే భోజనాల బల్ల దగ్గర 'ఇంటి సబ్బులు మన్నవు, దుకాణం సబ్బే నయం' అని తీర్పు చెబుతాడు. దుకాణం సబ్బును ఆరబెట్టి, రోలర్ల మధ్య నలిపి, యంత్రం ఒత్తిడితో అచ్చు పోస్తారని ఆయనకు చెప్పి ప్రయోజనం లేదు. నూనె సబ్బుగా మారేటప్పుడు పుట్టే గ్లిసరిన్ అంతా తనలోనే ఉంచుకుని గాలిలో తేమను సైతం పీల్చుకునే ఇంటి సబ్బుకు పలకల చెక్కపెట్టె ఇవ్వాలని, రెండు బిళ్లలను రోజు మార్చి రోజు వాడాలని, ఉల్లంఘించినవారికి నెలరోజులు అరిగిన సబ్బుముక్కలే గతి అని ప్రతి కుటుంబమూ తీర్మానం చేయాలి.

ఈ కష్టాలేవీ పడలేక, బాగా ఆరిన బిళ్లలను షోకేసులో పేర్చి 'ఎవరూ ముట్టకండి' అని ఆజ్ఞాపించిన గృహిణులు కూడా ఉన్నారు. ఆ సబ్బు నిజంగానే అరగదు. కాకపోతే ఏడాది గడిచేసరికి, దయతో మిగిల్చిన ఆ ఐదు శాతం నూనె ముక్కిపోయి, నారింజరంగు మచ్చలు తేలి, వచ్చిన చుట్టాలు షోకేసుకు ఎడంగా కూర్చోవడం మొదలుపెడతారు.