పౌనఃపున్యం పెంచితే వేగం పెరగదు

సార్, ధ్వని తరంగాల మీద మీ వ్యాసంలో వేగం = పౌనఃపున్యం (సెకనుకు కంపనాల సంఖ్య, హెర్ట్జ్‌లలో) × తరంగదైర్ఘ్యం (ఒక తరంగం పొడవు) అని బాగా వివరించారు. కానీ ఈ సూత్రం చూసి చాలామంది పిల్లలు పౌనఃపున్యం పెంచితే వేగం పెరుగుతుందనుకుంటారు. బట్టీ పట్టించే చోట ఈ సందేహం అడిగేవాళ్లే ఉండరు! ధ్వని వేగం యానకాన్ని (గాలి, నీరు లాంటి ధ్వని ప్రయాణించే పదార్థాన్ని) బట్టి, పౌనఃపున్యం ధ్వనిజనకాన్ని (ధ్వని పుట్టించే వస్తువును) బట్టి ఉంటాయి. కచేరీలో పౌనఃపున్యాలు వేరైనా ఒకే వేగంతో వచ్చే వేణువు, మృదంగం ధ్వనులు చివరి వరుసకు కూడా తాళం తప్పకుండా వినబడేది అందుకే. 20 డిగ్రీల గాలిలో 440 హెర్ట్జ్ ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. అదే నీటిలోకి దిగితే దాదాపు 1480 మీటర్లు. పౌనఃపున్యం మారదు, తరంగదైర్ఘ్యమే 78 సెంటీమీటర్ల నుంచి 3.4 మీటర్లకు సాగుతుంది. గాజులో కాంతి సంగతి వేరు, అక్కడ పౌనఃపున్యాన్ని బట్టి వేగం కూడా మారుతుంది; ఎరుపు కంటే పౌనఃపున్యం ఎక్కువున్న ఊదా కాస్త నెమ్మది. దానిమీద ఇంకో వ్యాసం రాయండి సార్.