ఫిట్స్ మందు: చూడాల్సింది రిపోర్టునా, పిల్లాడినా?

(పర్లాకిమిడి. ఆరేళ్ల బాబు నాలుగు నెలలుగా వాల్‌ప్రోయేట్ సిరప్ తాగుతున్నాడు. వాడి తండ్రికీ, నర్సుగా పనిచేసే మరదలికీ వాదన.)

బావ: పాతపట్నంలో కొన్న సీసాతో వచ్చిన కాగితం చదివాను. లివర్ దెబ్బతింటుందట. నెలనెలా టెస్టు లేకుండా ఈ మందు పట్టను. నిన్న వాంతి చేసుకున్నాడని రాత్రి డోసు ఆపేశాను కూడా.

మరదలు: ఆపేశారా! ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది బావా. వాంతయితే వెంటనే డాక్టరుకి చూపించాలి గానీ మనమే ఆపేస్తామా? లివర్ సంగతి అబద్ధం కాదు. కానీ ఆ భయం ఎక్కువ రెండేళ్లలోపు పిల్లలకి, అందులోనూ రెండు మూడు ఫిట్స్ మందులు కలిపి వాడేవాళ్లకి. వస్తే చాలావరకు మొదటి ఆరు నెలల్లోనే. ఈ నెల రిపోర్టు బాగుందని నిశ్చింతగా ఉండలేం, పదిరోజులకే తేడా రావచ్చు. చాలాసార్లు ముందు తెలిసేది పిల్లాణ్ణి చూస్తేనే. తిండి మానేస్తాడు, మగతగా పడుంటాడు, వాంతులు ఆగవు, తగ్గిన ఫిట్స్ మళ్లీ వస్తాయి, కళ్లు పచ్చబడతాయి.

బావ: ఇవన్నీ మాకెవరు చెప్పారు? ఆ ప్రైవేటు డాక్టరు రెండు నిమిషాలు చూసి చీటీ చేతిలో పెట్టాడు. మందు మొదలెట్టే ముందు ఒక్కసారైనా రక్తం తీయించాడా? నువ్వు నర్సువి, నీకు తెలుసు. మీ అక్కకెలా తెలుస్తుంది?

(దీనికి మరదలి దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరా ఉండదు.)

మరదలు: అది నిజమే. ముందే లివర్ టెస్టు, ప్లేట్‌లెట్లు చూడాల్సింది.

బావ: అందుకే వైజాగ్ అన్నాను. మీ నాన్నగారు బరంపురం అని పట్టుబట్టి, చివరికి రెండూ లేకుండా చేశారు.

మరదలు: బరంపురంలో మెడికల్ కాలేజీ లేదా? అయినా మా నాన్న ఊసెందుకిప్పుడు? సీసా ఇటివ్వండి. దేంతో పోస్తున్నారు?

బావ: చెంచాతో.

మరదలు: కొలత కప్పు ఏది?

బావ: పోయింది.

మరదలు: 5 మిల్లీలీటర్లకి 200 మిల్లీగ్రాములని దీనిమీదే ఉంది. మీ చెంచా ఒక్క మిల్లీలీటరు ఎక్కువ పట్టినా పూటకి 40 మిల్లీగ్రాములు అదనం. డోసెక్కువైతే చేతులు వణుకుతాయి, మత్తుగా ఉంటుంది, ప్లేట్‌లెట్లు తగ్గొచ్చు. పిల్లలకి డోసు కట్టేదే బరువుని బట్టి. మళ్లీ తూచారా?

బావ: లేదు. అయితే టెస్టు వద్దంటావు?

మరదలు: ఎవరన్నారు? వాంతి చేసుకున్నాడు కాబట్టి ఇవాళే డాక్టరుకి చూపించి టెస్టు చేయిద్దాం. ఆపిన డోసు సంగతీ చెప్పాలి.

బావ: ఈ మాట మొదటే అనొచ్చుగా!

మరదలు: డోసు ఆపానన్నాక నాకింకేం వినబడింది!

బావ: సరే, పద. కానీ పెద్ద డాక్టరుకి మాత్రం వైజాగ్‌లోనే చూపిస్తాను.