ఎంహెచ్370 డియెగో గార్సియాలో దిగలేదు: వాట్సాప్ కథకి వరసగా జవాబులు

మార్చి దగ్గరపడితే చాలు, ఫ్యామిలీ గ్రూపుల్లో ఆ పాత మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలవుతుంది. 2014 మార్చి 8న కౌలాలంపూర్ నుంచి బీజింగ్ వెళ్తూ 239 మందితో మాయమైన మలేషియా విమానం ఎంహెచ్370 అసలు కూలనే లేదని, అమెరికా దాన్ని డియెగో గార్సియా దీవిలోని తన స్థావరంలో దించేసిందని దాని సారాంశం. ఇంత టెక్నాలజీ ఉన్న రోజుల్లో అంత పెద్ద విమానం కనబడకుండా పోదట. ప్రయాణికుల ఫోన్లు రోజుల తరబడి మోగాయట. విమానంలో ఒక చిప్ కంపెనీ ఉద్యోగులు ఇరవై మంది ఉన్నారట, ఒక పేటెంట్ కోసమే ఇదంతా జరిగిందట. తర్వాత దొరికిన ముక్కలు ఎవరో తెచ్చి పడేసినవట. దర్యాప్తు మొత్తం నాటకమట. యూట్యూబ్‌లో అయితే ఇదే కథకి భయపెట్టే మ్యూజిక్ అదనం.

ఒక్కో మాటే తీసుకుని చూద్దాం. మలేషియా ప్రభుత్వాన్ని వెనకేసుకురావాలని మాత్రం కాదు. ఆ రాత్రి, ఆ తర్వాత జరిగిన తప్పులు బోలెడు. వాటి మీద గట్టిగా అడగాల్సిన ప్రశ్నలు ఈ డియెగో గార్సియా కథ కింద పడి నలిగిపోతున్నాయనే నా కోపం.

ముందు టెక్నాలజీ సంగతి. ఫోన్‌లో మ్యాప్ చూసి చూసి, జీపీఎస్ ఉందంటే పైనుంచి ఎవరో మనల్ని గమనిస్తున్నారని అనుకుంటాం. విమానంలోని జీపీఎస్ అదెక్కడుందో దానికి చెబుతుంది, అంతే. ఆ సంగతి నేల మీదికి పంపాల్సినవి వేరే ఉన్నాయి: రాడార్ అడిగితే విమానం గుర్తింపు చెప్పే ట్రాన్స్‌పాండర్, ఏకార్స్ అనే డేటా వ్యవస్థ. ట్రాన్స్‌పాండర్ సిగ్నల్ మలేషియా టైం ప్రకారం రాత్రి 1.21కి, వియత్నాం ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కి మారాల్సిన చోటు దగ్గర ఆగిపోయింది. ఏకార్స్ చివరి రిపోర్టు 1.07కి వచ్చింది, 1.37కి రావాల్సింది రాలేదు. తీరం నుంచి కొన్ని వందల కిలోమీటర్లు దాటితే నేల మీది రాడార్‌కి విమానం అందదు. నడిసముద్రం మీద కూడా ఉపగ్రహాల ద్వారా విమానాలను ఎప్పటికప్పుడు గమనించే వ్యవస్థ పూర్తిగా పనిలోకి వచ్చింది 2019లో. కనీసం పదిహేను నిమిషాలకోసారి విమానం ఎక్కడుందో సంస్థకి తెలియాలన్న అంతర్జాతీయ నిబంధన 2018 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. ఆ నిబంధన పుట్టిందే ఈ విమానం పోవడం వల్ల.

ఇంకా నమ్మకం కుదరకపోతే మన బంగాళాఖాతం వైపు చూడండి. 2016 జులై 22న చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 విమానం గల్లంతైంది. అందులో 29 మంది ఉన్నారు. వాళ్లలో ఎనిమిది మంది విశాఖపట్నం నేవల్ ఆర్మమెంట్ డిపోలో పనిచేసే సివిలియన్ ఉద్యోగులు. నౌకలు వెతికాయి, విమానాలు వెతికాయి, జలాంతర్గామి కూడా వెళ్లింది. ఏమీ దొరకలేదు. చివరికి 2024 జనవరిలో రక్షణ శాఖ ఒక ప్రకటన చేసింది: చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున ఆ విమానానివే అనిపించే శకలాలు కనబడ్డాయని. చెన్నైలోని సముద్ర పరిజ్ఞాన సంస్థ ఎన్ఐఓటీ దింపిన మనిషి లేని జలవాహనం తీసిన చిత్రాల్లో అవి బయటపడ్డాయి. ఏ దారిలో పోతోందో, ఎక్కడిదాకా రాడార్‌కి కనబడిందో తెలిసిన విమానానికే ఏడున్నరేళ్లు పట్టింది. 2009లో అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విషయంలో మొదటి వారంలోనే ముక్కలు నీటి మీద తేలాయి. అయినా అసలు శిథిలాలు దొరికింది 2011 ఏప్రిల్‌లో.

ఫోన్లు మోగిన సంగతి చిన్నది. మనం ఫోన్ చేసినప్పుడు మన చెవికి వినబడే రింగు అవతలి ఫోన్ నుంచి రాదు. అవతలి ఫోన్ ఎక్కడుందా అని వెతికే లోపు నెట్‌వర్కే మనకి ఆ చప్పుడు వినిపించవచ్చు. పాపం ఆ కుటుంబాలకి అది ఆశగా వినబడింది, అందులో వాళ్ల తప్పేమీ లేదు. పదేళ్లు దాటాక కూడా దాన్ని రుజువుగా అమ్ముకునేవాళ్లది తప్పు.

ఇక అసలు కథ, డియెగో గార్సియా. మ్యాప్ మీద చూస్తే ఎవరికైనా నమ్మబుద్ధి వేస్తుంది. హిందూ మహాసముద్రం నడుమన దీవి, అమెరికా సైన్యం, పెద్ద విమానాలు దిగగల రన్‌వే, బయటివాళ్లకి ప్రవేశం లేదు. దానికి తోడు, మాల్దీవుల్లోని కుడా హువధూ దీవి జనం ఆ పొద్దున ఒక పెద్ద విమానం బాగా కిందనుంచి పోవడం చూశామని చెప్పారు.

వాళ్లు చూశామన్నది స్థానిక టైం ప్రకారం ఉదయం 6.15 ప్రాంతంలో. అప్పుడు మలేషియాలో 9.15. ఎంహెచ్370 బయల్దేరినప్పుడు అందులో ఉన్న ఇంధనం 49,100 కిలోలు, దాదాపు ఏడున్నర గంటలకి సరిపడేది. అర్ధరాత్రి దాటాక 12.42కి లేచిన విమానానికి ఉదయం 8.15 ప్రాంతానికల్లా ట్యాంకులు ఖాళీ అవ్వాలి. దీవి జనం అబద్ధం చెప్పారని అనను. వాళ్లు చూసింది ఏ విమానమైనా, ఇది మాత్రం కాదు.

అంతకన్నా గట్టి రుజువు ఉపగ్రహం దగ్గర ఉంది. ట్రాన్స్‌పాండర్ ఆగిపోయినా, రాత్రి 2.25కి విమానంలోని ఉపగ్రహ టెర్మినల్ మళ్ళీ లాగాన్ అయింది. హాస్టల్లో వార్డెన్ హాజరు పిలిచినట్టు ఇన్‌మార్‌శాట్ అనే ఉపగ్రహ కంపెనీ వ్యవస్థ గంటకోసారి పలకరించడం, విమానం పలకడం ఉదయం 8.19 దాకా నడిచింది. లాగాన్లతో కలిపి మొత్తం ఏడు పలకరింపులు. వాటిలో విమానం ఎక్కడుందన్న సమాచారం లేదు. సిగ్నల్ వెళ్లి రావడానికి ఎంతసేపు పట్టిందో మాత్రం మైక్రోసెకన్ల లెక్కన రికార్డయింది. దాన్నిబట్టి ఉపగ్రహానికి విమానం ఎంత దూరంలో ఉందో తేలుతుంది. ఆ దూరాన్ని మ్యాప్ మీద గీస్తే ఒక వలయం వస్తుంది.

ఈ మెసేజ్ రాసినవాళ్లు చూడనిది ఇక్కడే ఉంది. ఆ ఉపగ్రహం దాదాపు భూమధ్యరేఖ మీద, 64.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. దానికి సరిగ్గా కింద ఉన్న చోటు నుంచి డియెగో గార్సియా సుమారు 1,200 కిలోమీటర్లు. చివరి పలకరింపు తాలూకు వలయం అదే చోటు నుంచి నాలుగున్నర వేల కిలోమీటర్లకు పైనే ఉంది. పైగా 3.41 తర్వాత వచ్చిన ప్రతి పలకరింపులోనూ దూరం పెరుగుతూనే పోయింది. విమానం ఆ దీవిలో దిగి నిలబడి ఉంటే దూరం బాగా తగ్గి, ఒక అంకె దగ్గర ఆగిపోవాలి. లేదా టెర్మినల్ ఆపేసి ఉంటే జవాబులే రాకూడదు. గంట గంటకీ పెరగడం మాత్రం ఏ రకంగానూ కుదరదు.

వలయం ఉత్తరాన మధ్య ఆసియా వైపు కూడా పోతుంది కదా, దక్షిణానికే వెళ్లిందని ఎలా చెబుతారు అన్నది మంచి ప్రశ్న. మొదట్లో దర్యాప్తువాళ్లు కూడా రెండు దారులూ చూపించారు. విమానం కదలికని బట్టి సిగ్నల్ ఫ్రీక్వెన్సీలో చిన్న తేడా వస్తుంది. ఆ తేడాని వేరే విమానాల రికార్డులతో సరిపోల్చి చూస్తే దక్షిణం దారే కుదిరింది. ప్రయాణికుల బంధువులు పట్టుబడితే 2014 మే 27న ఆ సిగ్నల్ వివరాలు 47 పేజీలుగా బయటపెట్టారు. రకరకాల దేశాల ఇంజినీర్లు సొంతంగా కూర్చుని లెక్కలు వేశారు. వాళ్లలో చాలామంది అధికారుల తీరుని గట్టిగా విమర్శించినవాళ్లే. ఎక్కడ వెతకాలన్న దాని మీద వాళ్లలో వాళ్లకే గొడవలు వచ్చాయి. దక్షిణ హిందూ మహాసముద్రం అన్న జవాబు దగ్గర మాత్రం వాళ్లలో ఎక్కువమంది కలిశారు.

పేటెంట్ కథలో ఒక్క ముక్క నిజం: ఫ్రీస్కేల్ సెమీకండక్టర్ ఉద్యోగులు ఇరవై మంది ఆ విమానంలో ఉన్నారు. ఆ సంగతి కంపెనీయే చెప్పింది. మిగతాదంతా, అంటే ఆ పేటెంట్‌లో నలుగురు వాటాదారులు విమానంతో పాటు పోతే ఐదో వాటాదారుకి మొత్తం దక్కుతుందన్నది, సినిమా వీలునామాల్లో జరిగే పని. ఉద్యోగులు కనిపెట్టిన దాని మీద హక్కు కంపెనీకి రాసిచ్చేసి ఉంటుంది. ఆ ఉద్యోగి ఉన్నా పోయినా హక్కు కంపెనీదే. ఇంతకు మించి దీని మీద టైం ఖర్చు పెట్టను.

ముక్కలు తెచ్చి పడేశారన్న మాట. 2015 జులై 29న రీయూనియన్ దీవిలో బీచ్ శుభ్రం చేస్తున్నవాళ్లకి రెక్క వెనక అంచున ఉండే ఫ్లాపెరాన్ దొరికింది. దాని లోపలి భాగం మీది అంకెల్లో ఒకదాన్ని, తయారుచేసిన స్పెయిన్ కంపెనీ రికార్డులతో పోల్చి అది ఎంహెచ్370దేనని ఫ్రాన్స్ తేల్చింది. దాని నిండా నత్తల్లాంటి సముద్రజీవులు గుల్లలు కట్టుకుని ఉన్నాయి. నెలల తరబడి నీళ్లలో తేలితే తప్ప అలా పట్టవు. తర్వాత మారిషస్, టాంజానియా, మొజాంబిక్, దక్షిణాఫ్రికా, మడగాస్కర్ తీరాల్లో ఇంకా ముక్కలు వచ్చాయి. దొరికినవాళ్లు స్థానికులు, టూరిస్టులు. వాటిలో ఫ్లాపెరాన్ కాక ఇంకో రెండు ముక్కలు కచ్చితంగా ఈ విమానానివేనని తేలింది, కొన్ని దాదాపు కచ్చితం. ఆస్ట్రేలియా శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ నిజమైన బోయింగ్ 777 ఫ్లాపెరాన్‌నే తెచ్చి, విరిగిన దాని ఆకారంలో కోసి, నీళ్లలో వదిలి ఎలా కొట్టుకుపోతుందో చూసింది. చివరి వలయం దగ్గర నుంచి బయల్దేరిన ముక్క ఆ నెలల్లో రీయూనియన్ చేరగలదని లెక్క కుదిరింది.

ఇంకో సంగతి. టాంజానియాలో దొరికినది ఫ్లాప్ ముక్క, అంటే నెమ్మదిగా దిగడానికి రెక్క వెనక నుంచి కిందికి చాచే పలక. దాని లోపలి గుర్తులు చూసి, రెక్క నుంచి ఊడినప్పుడు అది ముడుచుకునే ఉండొచ్చని ఆస్ట్రేలియా దర్యాప్తువాళ్లు చెప్పారు. ఎక్కడైనా మెల్లగా దింపాలనుకునే పైలట్ ముందు చేసే పని ఫ్లాపులు దించడం.

చివరిది, దర్యాప్తు నాటకమన్న మాట. ఇక్కడే నేను ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇందులో సగం కోపం న్యాయమైనది.

కాక్‌పిట్ నుంచి చివరి మాట 1.19కి వచ్చింది. విమానం తమకి టచ్‌లోకి రాలేదని వియత్నాం కంట్రోల్ ఐదు నిమిషాల్లో అడగాలి, అడిగింది 1.39కి. విమానం కంబోడియా మీద ఉందని ఎయిర్‌లైన్ ఆపరేషన్స్ వాళ్లు చెప్పారు. వాళ్ల స్క్రీన్ మీద కనబడింది అసలు విమానం కాదు, ప్లాన్ ప్రకారం ఎక్కడ ఉండాలో వేసిన అంచనా. గాలింపు కేంద్రాన్ని రంగంలోకి దించేసరికి తెల్లవారుజామున 5.30 అయింది. ఈలోగా విమానం వెనక్కి తిరిగి మలేషియా ద్వీపకల్పం మీదుగానే దాటిపోయింది. మిలిటరీ రాడార్‌లో 2.22 దాకా కనబడింది. మనవాళ్లదే అనుకుని ఒక్క ఫైటర్ కూడా లేపలేదు. రాత్రంతా కలిపి నేల మీద నుంచి విమానానికి చేసిన ఉపగ్రహ ఫోన్ కాల్స్ రెండంటే రెండు, 2.39కి ఒకటి, 7.13కి ఇంకొకటి. పడమటికి తిరిగిందని రాడార్ చెబుతున్నా, దక్షిణ చైనా సముద్రంలో వారం రోజులు వెతుకుతూనే ఉన్నారు. ఫ్లైట్ డేటా రికార్డర్‌కి ఉండే, నీళ్లలో పడ్డాక సిగ్నల్ పంపే బీకన్ బ్యాటరీ గడువు 2012 డిసెంబర్‌లోనే అయిపోయింది, ఎవరూ మార్చలేదు. ఇక 2014 మార్చి 24న, ఎవరూ బతికిలేరన్న మాటని బంధువులకి ఎస్ఎంఎస్‌లో పంపారు.

ఈ వివరాల్లో చాలావరకు ఎక్కడివనుకున్నారు? నాటకమని మీరంటున్న ఆ దర్యాప్తు నివేదికలవే. 2018 జులై 30న వచ్చిన తుది నివేదిక కౌలాలంపూర్ కంట్రోలర్ల తప్పుల్ని రాసింది. మర్నాడే ఆ దేశ పౌర విమానయాన అధిపతి రాజీనామా చేశాడు. విమానం వెనక్కి తిరిగింది మనిషి చేతి కంట్రోల్‌తోనే అని, మూడో మనిషి జోక్యాన్ని తోసిపుచ్చలేమని, కారణం మాత్రం తేల్చలేకపోయామని అదే నివేదిక చెప్పింది. కథ అల్లాలనుకునేవాళ్లు ముగింపు లేని కథ అల్లరు. పైగా ఆ బృందంలో ఏడు దేశాల ప్రతినిధులు ఉన్నారు, చైనా సహా. తన పౌరులు 150 మందికి పైగా పోయిన చైనా, అమెరికా స్థావరం పరువు కోసం ఇన్నేళ్లు నోరు మూసుకుని కూర్చుంటుందా? కెప్టెనే చేశాడనేవాళ్లూ ఉన్నారు. ఆయన ఇంట్లోని విమాన సిమ్యులేటర్‌లో దక్షిణ హిందూ మహాసముద్రం వైపు వెళ్లే దారి పాయింట్లు దొరకడం నిజమే. దాన్నిబట్టి అనుమానించొచ్చు, తీర్పు చెప్పలేం.

డియెగో గార్సియా కథ వల్ల లాభం ఎవరికో చూడండి. రాడార్ ముందు కూర్చున్న అధికారికి, బ్యాటరీ మార్చని విభాగానికి, రాత్రంతా రెండే ఫోన్లు చేసిన ఆఫీసుకి. అంతా అమెరికా చేసిందంటే వీళ్లని అడిగేదేముంది? నష్టం మాత్రం బంధువులకి. వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నది ఒక్కటే, వెతకడం ఆపొద్దని. 2017 జనవరి దాకా 1,20,000 చదరపు కిలోమీటర్ల సముద్రపు అడుగు గాలించి ఆపేశారు. 2018లో ఓషన్ ఇన్ఫినిటీ అనే కంపెనీ ఇంకో 1,12,000 చదరపు కిలోమీటర్లకి పైగా చూసింది. 2025 మార్చిలో మలేషియా ఆ కంపెనీతోనే 15,000 చదరపు కిలోమీటర్లకి మళ్ళీ ఒప్పందం చేసుకుంది. దొరికితే 7 కోట్ల డాలర్లు, దొరక్కపోతే పైసా ఇవ్వక్కర్లేదు. వాతావరణం బాగాలేక ఆగిన ఆ పనిని 2025 డిసెంబర్ 30 నుంచి తిరిగి మొదలుపెడతామని ప్రభుత్వం ప్రకటించింది.

విమానం దొరికినా కాక్‌పిట్ మాటల రికార్డర్‌లో చివరి రెండు గంటలే ఉంటాయి, వెనక్కి తిరిగినప్పటి మాటలు చెరిగిపోయి ఉంటాయి. డేటా రికార్డర్ మాత్రం 25 గంటలు దాచుకుంటుంది. ఆ మలుపు ఎలా తీసుకున్నారో, ఏ స్విచ్ ఎప్పుడు పడిందో ఉంటే అందులోనే ఉండాలి.