పసుపు కప్పకి ఉప్పు వైద్యం

తొలకరి పడితే చాలు, వైజాగ్ వాట్సాప్ గ్రూపుల్లో పసుపు కప్ప ఫోటోతో ఆ మెసేజ్ మళ్లీ మొలుస్తుంది. "ఖాళీ స్థలాల్లో పసుపు రంగు విషకప్పలు దిగాయి. తుఫానుకి విదేశాల నుంచి కొట్టుకొచ్చాయి. ముట్టుకుంటే ప్రాణం పోతుంది. కప్పల వెనకే పాములొస్తాయి. వెంటనే ఉప్పు, బ్లీచింగ్ చల్లండి. పది మందికి పంపండి." మధురవాడ నుంచి గాజువాక దాకా అందరూ శ్రద్ధగా పంపేశారు.

ముందు ఫోటో సంగతి. అందులో ఉన్నది కొలంబియా అడవుల్లోని బంగారు విషకప్ప. అయిదు సెంటీమీటర్లుంటుంది, విషం నిజమే. మీ వీధి చివర నీళ్లలో అరుస్తున్నది బోదురు కప్ప. అరచేతిలో పట్టనంత ఉంటుంది, గొంతుకి రెండు పక్కలా నీలం బుడగలు ఉబ్బుతాయి. ఆ పసుపు మగవాటికే, అదీ జత కట్టే ఆ కొద్ది రోజులే. పక్కనే ఉన్న ఆడకప్ప ఎప్పటిలాగే బురద రంగులో, మచ్చలతో ఉంటుంది. దీని కాళ్లని ఒకప్పుడు టన్నుల కొద్దీ విదేశాలకి పంపేవాళ్లం, 1987లో ఆ ఎగుమతి ఆపేశారు. ముట్టుకుంటేనే చచ్చేటట్టయితే తిన్నవాళ్లంతా ఏమైనట్టు? అసలు కాస్త విషమున్నది మీ బాత్రూం తూము దగ్గర కూర్చునే గోండ్రుకప్పకి. కళ్ల వెనక ఉబ్బెత్తు గ్రంథులుంటాయి, కుక్క కొరికితే నురగ కక్కుతుంది. దాని మీద ఒక్క మెసేజూ రాదు పాపం.

విదేశీ కప్ప? ఎండాకాలమంతా మీ ప్లాటు పక్కనే కన్నాల్లో, గట్ల సందుల్లో దాక్కుని ఉంది. పరాయిదనే మాట అండమాన్‌లో అంటే ఒప్పుకుంటాను. ప్రధాన భూభాగం నుంచి అక్కడికి చేరి, దీని తోకకప్పలు అక్కడి కప్పపిల్లల్ని తినేస్తున్నాయి. వైజాగ్ మాత్రం దాని సొంత ఊరు.

ఇక ఉప్పు. అసలు మంట ఇక్కడే. ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, అర అడుగు లోతున్న గుంటలో దాదాపు 2,800 లీటర్ల నీళ్లుంటాయి. అందులో కిలో ప్యాకెట్ పోస్తే నీటికి రుచి కూడా మారదు. సముద్రమంత ఉప్పగా చేయాలంటే వంద కిలోలు కావాలి. బీచ్ రోడ్డు ఊరివాళ్లం, ఈ లెక్క తెలియదా? నీళ్లలో పనిచేయని ఉప్పు నేరుగా కప్ప వీపు మీద పడితే మాత్రం పనిచేస్తుంది. కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. ఉప్పు పడితే అదే చర్మంలోంచి ఒంట్లో నీరు బయటికి లాగేస్తుంది. నిదానంగా, కళ్ల ముందే చస్తుంది.

బ్లీచింగ్ ఇంకా ఘోరం. క్లోరిన్ తోకకప్పల మొప్పల్ని కాల్చేస్తుంది, దోమపిల్లల్ని తినే తూనీగ పిల్లలూ పోతాయి. ఎండకి నాలుగు రోజుల్లో ఆ ఘాటు విరిగిపోతుంది. అప్పుడు తినేవాడు లేని గుంటలో దోమ హాయిగా గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో రెక్కలొస్తాయి. మీ డబ్బుతో దోమల నర్సరీ పెట్టినట్టు.

ఇక్కడ కప్పల పక్షం వాళ్లకీ ఒక మాట. "కప్పలుంటే దోమలుండవు" అన్నదీ అతిశయమే. ఎదిగిన బోదురు కప్ప చూపు ఎలుకపిల్ల మీద, చిన్న కప్పల మీద ఉంటుంది. దోమ దాని పంటికింద లెక్కలోకి రాదు.

పాములొస్తాయా? వస్తాయి, అబద్ధం చెప్పను. నీరుకట్టు, జెర్రిపోతు వస్తాయి, అప్పుడప్పుడు తాచూ వస్తుంది. దానికి మందు ఉప్పు కాదు. వరండా బల్బు ఆపండి (పురుగు వచ్చినచోటికే కప్ప వస్తుంది), తలుపు కింద సందు మూయండి, రాత్రి టార్చ్ లేకుండా తిరగకండి. ఇంట్లోకి కప్ప దూరితే చేతులు తడుపుకుని, బకెట్ బోర్లించి, కింద అట్టముక్క జారించి ఎక్కడి నీళ్లదగ్గరదో అక్కడే వదలండి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. "ముట్టుకుంటే ప్రాణం పోతుంది" అన్నదాంట్లో పనికొచ్చే ముక్క అదొక్కటే.

"పది మందికి పంపండి" అన్నదానికి జవాబు అక్కర్లేదు.

కొద్ది రోజులకి ఆ మగకప్పలు మళ్లీ బురద రంగుకి తిరుగుతాయి, అరుపులూ ఆగిపోతాయి. అప్పుడు గ్రూపులో ఇంకో మెసేజ్ వస్తుంది: "ఉప్పు చల్లాం, విషకప్పలు పారిపోయాయి."