రిపోర్టులో "క్యాండిడా అల్బికాన్స్" అని రాసేస్తే అయిపోయిందా?

పొద్దున్నే ఒకావిడ బాబుని చంకనేసుకుని వచ్చి అడిగింది, "మేడమ్, మళ్ళీ నోట్లో తెల్లగా వచ్చింది, ఇది పోయిన నెలదేనా, కొత్తదా?" అని. ఎంత మంచి ప్రశ్నో చూడండి. నా చేతిలో ఉన్న రిపోర్టులో ఒకటే లైను, క్యాండిడా అల్బికాన్స్, అంటే నోట్లో ఆ తెల్లపూత తెచ్చే ఈస్ట్ (ఒకరకం ఫంగస్) పేరు. పోయిన నెల రిపోర్టులోనూ అదే లైను. ఆ రెండు లైన్లు పక్కపక్కన పెట్టి చూస్తే బ్రహ్మదేవుడు కూడా జవాబు చెప్పలేడు. ఆవిడ వెనకాల నిల్చున్న పెద్దావిడ మాత్రం టక్కున చెప్పేసింది, "సరిగ్గా కడగదమ్మా, అందుకే". అప్పట్నుంచి నాకు కడుపు మండుతూనే ఉంది. పోస్టు పొడుగ్గా ఉంటుంది, ఓపికుంటే చదవండి.

నేను చేసేది మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పని. మా దగ్గర ఏం జరుగుతుందో చెప్తా. పిల్లాడి నోట్లో స్వాబ్ తిప్పుతారు, వాడు సగంసార్లు దాన్ని కొరికేస్తాడు, అది వేరే కథ. ఆ స్వాబ్‌ని, ఈస్ట్ జాతిని బట్టి రంగు తేలే ప్లేటు మీద గీసి ఇంక్యుబేటర్‌లో పెడతాం. మర్నాడో ఎల్లుండో మూత తీస్తే పులిసిన వాసన, ప్లేటు నిండా ఆకుపచ్చ కాలనీలు, అంటే ఈస్ట్ పెరిగిన చిన్న చిన్న చుక్కలు. ఒక యాభై ఉన్నాయనుకోండి, మేం ముట్టుకునేది ఒక్కటి. దాన్ని సీరంలో వేసి 37 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచి, మైక్రోస్కోప్ కింద చిన్న తోకలాంటిది మొలిచిందా లేదా చూస్తాం, మొలిస్తే అల్బికాన్స్ అని రాసేస్తాం. మిగతా నలభై తొమ్మిదీ చెత్తబుట్టలోకి. అందులో ఒకటి నున్నగా, ఇంకోటి ముడతలు ముడతలుగా ఉన్నా సరే, అడిగేవాడు లేడు. ఆ మాటకొస్తే తోక పరీక్ష క్యాండిడా డబ్లినియెన్సిస్ అనే దాని చుట్టం కూడా పాసవుతుంది, అది వేరే జాతి అని 1995లో పేరు పెట్టేదాకా దాన్ని కూడా అందరూ అల్బికాన్స్ కిందే జమకట్టేశారు.

(పేరు సంగతి కూడా వినండి. క్యాండిడా అంటే తెల్లనిది, అల్బికాన్స్ అంటే తెల్లబడుతున్నది. 1923లో పెట్టిన పేరు, "తెల్లటి తెల్లనిది" అన్నమాట. ఇంకో మాట దొరకలేదు పాపం.)

అసలు విషయం ఏంటంటే అల్బికాన్స్ అనేది ఇంటిపేరు లాంటిది. ఒకే ఇంటిపేరున్నంత మాత్రాన అందరూ ఒకే మనిషి అయిపోరు కదా. ఏడు జీన్ల ముక్కలు చదివి పోల్చే పద్ధతి ఒకటుంది, దాన్ని ఎమ్‌ఎల్‌ఎస్‌టీ అంటారు, దాంతో చూస్తే ఈ ఒక్క జాతిలోనే పదిహేడు పైచిలుకు గుంపులు తేలాయి. ఫ్లూసైటోసిన్ అనే మందుకి లొంగకపోవడం ఎక్కువగా ఒకటో గుంపులో ఉన్నవాటికే ఉంటుంది. దీనికితోడు ఈ ఈస్ట్‌కి ఎనిమిది జతల క్రోమోజోమ్‌లు, అవి కూడా కుదురుగా ఉండవు, మందు ఒత్తిడి పడితే ఒక క్రోమోజోమ్ కాపీ ఎక్కువ పెట్టుకుంటుంది, ఒకచోట రెండు కాపీలు వేరువేరుగా ఉన్నవి ఒకేలా మారిపోతాయి. అంటే ఒక్క స్ట్రెయినే (ఒకే జాతిలోని ఒక్కో రకాన్ని స్ట్రెయిన్ అంటాం) ఒక్క నోట్లోనే కొన్నాళ్ళకి కొంచెం కొంచెం తేడాలతో ఉన్న చిన్న గుంపు అయి కూర్చుంటుంది. అందులోంచి మేం ఒక్క కాలనీ పీకి, ఇదీ మీ పిల్లాడి ఫంగస్ అని కాగితం చేతిలో పెడతాం.

నాకు బాగా నచ్చింది 2017లో జ్యూరిక్ వాళ్ళు ఎలుకల మీద చేసిన పని. ప్రపంచంలో ఏ ల్యాబ్‌కి వెళ్ళినా అల్బికాన్స్ అంటే ముందు చూపించేది ఎస్‌సీ5314 అనే స్ట్రెయిన్‌నే, పాఠాలన్నీ దాని మీదే. అది నోట్లో దిగితే పెద్ద గొడవ, వాపు, తెల్లరక్తకణాలు పరిగెత్తుకొస్తాయి, కొన్ని రోజుల్లో దాన్ని తరిమేస్తాయి. 101 అనే ఇంకో స్ట్రెయిన్ ఉంది, అది దిగితే అసలు చప్పుడే లేదు. ఒళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు కూడా, దర్జాగా నోట్లో కాపురం పెట్టేసింది. ఎక్కువ అల్లరి చేసేదేమో తన్నులు తిని పోయింది, నోరు మూసుకున్నది సెటిలైపోయింది. రెండింటికీ పేరు ఒకటే. ఇది చదివాక కూడా "క్యాండిడా ఉంది", "క్యాండిడా లేదు" అని రెండే గడులున్న పట్టిక చూస్తే ఎలా ఉంటుంది చెప్పండి.

పళ్ళ విషయంలోనూ ఇదే గోల. చిన్నపిల్లల పళ్ళు పుచ్చిపోయే చోట స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే బ్యాక్టీరియాతో పాటు ఈ ఈస్ట్ కూడా చాలాసార్లు దొరుకుతుంది. మ్యూటాన్స్ వదిలే ఒక ఎంజైమ్ ఈస్ట్ గోడకి అతుక్కుని, పంచదార తగిలితే అక్కడే జిగురు తయారుచేస్తుంది, ఆ జిగురులో రెండూ కలిసి కూర్చుని యాసిడ్ చేస్తాయి, ఈస్ట్‌కి యాసిడ్ అంటే లెక్కేలేదు. ఎలుకల్లో ఈ రెండూ కలిస్తే పళ్ళు ఎంత ఘోరంగా పోతాయో 2014లోనే చూపించారు. అలాంటప్పుడు ఆ నోట్లో ఉన్నది ఏ ఈస్ట్ అన్నది పట్టించుకోకుండా ఉంది, లేదు అని టిక్కులు పెట్టుకుంటూ పోతే ఎలా?

మళ్ళీ ఆ బాబు దగ్గరికి వద్దాం. రెండోసారి రావడానికి కారణాలు చాలా ఉండొచ్చు. పాతది అసలు పోనేలేదు, ఎందుకంటే నిస్టాటిన్ చుక్కలు పూతకి తగిలితేనే పనిచేస్తాయి, వేసిన వెంటనే పాలు పట్టేస్తే మందు కడుక్కుపోతుంది. లేదా నోట్లో పోయింది కానీ తల్లి దగ్గరో పాలసీసా పీకలోనో మిగిలి తిరిగొచ్చింది. లేదా ఇది పూర్తిగా కొత్త స్ట్రెయిన్. మూడింటికీ చేయాల్సిన పని వేరు. మొదటిదైతే మందు వేసే టైమ్ మారిస్తే సరిపోవచ్చు, రెండోదైతే తల్లికీ బిడ్డకీ కలిపి మందు ఇవ్వాలి, సీసా పీకలు మరిగించాలి. తల్లి స్ట్రెయిన్, బిడ్డ స్ట్రెయిన్ చాలాసార్లు ఒకటే ఉంటాయి కానీ ప్రతిసారీ ఉండవు, పోల్చి చూడకుండా తల్లిని బోనులో నిలబెట్టడం ఏం న్యాయం? నెలల పిల్లలకి రోగనిరోధకశక్తి ఇంకా కుదురుకోదు, మధ్యలో యాంటీబయాటిక్ పడితే ఈస్ట్‌ని అదుపులో పెట్టే బ్యాక్టీరియా పోతుంది, ఇంక అది విజృంభిస్తుంది. ఇందులో ఆవిడ సరిగ్గా కడగకపోవడమే కారణమని ఎక్కడ తేలింది అసలు?

ప్రతి తెల్లపూతకీ జీన్లు చదవమని నేను అనట్లేదు, అంత పిచ్చిదాన్ని కాదు. మొదటిసారి వచ్చినవి ఎక్కువ శాతం మామూలు చుక్కలకే పోతాయి. కానీ మూడోసారి, నాలుగోసారి వస్తున్న పిల్లలకైనా ఒక కాలనీ బదులు ఐదారు తీయండి, కనీసం తీసినవాటిని దాచండి, తర్వాత పోల్చడానికైనా పనికొస్తాయి. దాచడం ఎంతసేపు, గ్లిసరాల్‌లో వేసి ఫ్రీజర్‌లో పెట్టడమే కదా. ఈ మాట మీటింగ్‌లో అంటే "మనకెందుకండీ, డాక్టర్ అడగలేదు కదా" అన్నారు. డాక్టర్‌ని అడిగితే "ల్యాబ్ రిపోర్టులో అలాంటి కాలమ్ లేదు కదా" అన్నారు. అదీ వరస.

ఇవాళ ఆ బాబు ప్లేటు తీసి చూశా. నున్నటివాటి మధ్య అంచు దగ్గర ఒక్క కాలనీ ముడతలు పడి ఉంది. దాన్నీ, ఇంకో నాలుగు నున్నటివాటినీ ఐదు ట్యూబుల్లో వేసి, తేదీ రాసి, ఫ్రీజర్‌లో పెట్టా. ఎవరూ చెప్పలేదు, నేనే పెట్టా. పోయిన నెలవి మాత్రం ఒక్కటి కూడా లేవు. రిపోర్టులో మళ్ళీ అదే ఒక్క లైను టైప్ చేసి పంపించా, ఇంకో లైను రాయడానికి అందులో చోటే లేదు.